యాప్ పేరే గుట్టు విప్పితే

భోజనాల బల్ల మీద ఫోన్ వెల్లకిలా పడి ఉంటుంది. సరిగ్గా తొమ్మిదింటికి తెర వెలుగుతుంది. "మందు వేసుకునే సమయమైంది" అని ఒక లైను కనిపిస్తుంది. అందులో తప్పు పట్టడానికేమీ లేదు. బీపీ మాత్ర కావచ్చు, విటమిన్ బిళ్ల కావచ్చు. కానీ ఆ లైను పైన చిన్న అక్షరాల్లో యాప్ పేరు, పక్కనే దాని ఐకాన్ ఉంటాయి. ఆ ఐకాన్‌లో హెచ్‌ఐవీకి గుర్తుగా వాడే ఎర్ర రిబ్బన్ ఉందంటే, పక్కన కూర్చున్నవాళ్లు ఇంకేమీ చదవక్కర్లేదు.

ఇక్కడ ఎవరూ సర్వర్‌లోకి చొరబడలేదు, పాస్‌వర్డ్ దొంగిలించలేదు. కంపెనీ తన ప్రైవసీ పాలసీని పొల్లుపోకుండా పాటించింది. అయినా గుట్టు రట్టయింది. హెచ్‌ఐవీ, మానసిక జబ్బులు, మద్యం, మత్తు అలవాట్లు, గర్భస్రావం, క్షయ, ట్రాన్స్‌జెండర్ల హార్మోన్ చికిత్స... లోకం చిన్నచూపు చూసే పరిస్థితుల కోసం తయారయ్యే యాప్‌లన్నింటిదీ ఇదే చిక్కు. మామూలు ఆరోగ్య యాప్‌లో దాచుకోవాల్సిన సంగతి లోపల ఎక్కడో ఉంటుంది. ఎన్ని అడుగులు నడిచారు, ఎన్ని గంటలు పడుకున్నారు అన్నవి యాప్ తెరిస్తే గానీ తెలియవు. వీటిలో మాత్రం ఆ సంగతి గుమ్మం మీదే రాసి ఉంటుంది. యాప్ వాడుతున్నారని తెలిస్తే చాలు, రిపోర్టు చూసినట్టే. నైతికంగా వచ్చే ప్రశ్నలన్నీ ఈ ఒక్క విషయం చుట్టూనే తిరుగుతాయి. యాప్‌లు తయారుచేసేవాళ్లు ఎక్కువగా పట్టించుకోనిదీ ఇదే.

అలాగని ఈ యాప్‌లే వద్దనడం తొందరపాటు. క్లినిక్‌లో ఫలానా గది ముందు కూర్చుంటే తెలిసినవాళ్లు ఎవరైనా చూస్తారేమోనన్న టెన్షన్‌తో పరీక్షను నెలల తరబడి వాయిదా వేసేవాళ్లు అన్ని దేశాల్లోనూ ఉన్నారు. డాక్టర్ ఎదురుగా కూర్చుని నోరు పెగలని మనిషి, అర్ధరాత్రి తెర మీద అదే మాట టైప్ చేయగలడు. ఎదుటివాళ్ల ముఖంలో మారే రంగులు చూడక్కర్లేకపోవడం చిన్న ఊరట కాదు. ఆ ఊరట వల్లే జనం వీటి దగ్గరికి వస్తారు. ఫోన్ ఎవరికీ చెప్పదన్న నమ్మకం ఒక్కసారి చెడితే యాప్‌తో పాటు చికిత్సకూ దూరమవుతారు. కార్డు నంబరు బయటపడితే బ్యాంకు కొత్త కార్డిస్తుంది. హెచ్‌ఐవీ ఉందన్న సంగతి బయటపడితే మార్చుకోవడానికి ఏమీ ఉండదు.

గ్రైండర్ ఉదంతం ఈ విషయంలో పాఠ్యపుస్తకం లాంటిది. నిజానికి అది ఆరోగ్య యాప్ కాదు, ప్రధానంగా స్వలింగ ఆకర్షణ ఉన్న పురుషులు వాడే డేటింగ్ యాప్. కాకపోతే ప్రొఫైల్‌లో హెచ్‌ఐవీ స్థితి, చివరిసారి పరీక్ష చేయించుకున్న తేదీ నింపడానికి గడులు పెట్టింది. ఉద్దేశం మంచిదే. ఆ మాట ఎత్తడానికి తటపటాయించే పని తప్పుతుంది, పరీక్ష చేయించుకోవడం మామూలు విషయమైపోతుంది. ఆ గడుల్లో నింపిన వివరాలు యాప్టిమైజ్, లోకలిటిక్స్ అనే రెండు బయటి కంపెనీలకు చేరుతున్నాయని నార్వే పరిశోధన సంస్థ సింటెఫ్ గమనించింది. 2018 ఏప్రిల్‌లో సంగతి పత్రికలకెక్కింది. ఆ రెండు కంపెనీలూ యాప్ పనితీరును కొలిచే పనిముట్లు అమ్మేవి. డేటాను ఎవరికీ అమ్మలేదని, ఇలాంటి సేవలు వాడుకోవడం ఈ రంగంలో అందరూ చేసేదేనని గ్రైండర్ సమర్థించుకుంది. అందరూ చేస్తున్నారన్నది నిజమే. భయపడాల్సింది కూడా అందుకే.

ఆ తర్వాతి ఘట్టం ఇంకా ముఖ్యం. అదే కంపెనీ మీద నార్వే డేటా రక్షణ సంస్థ 2021 డిసెంబరులో 6.5 కోట్ల క్రోనర్ల జరిమానా వేసింది. ఈసారి హెచ్‌ఐవీ గడుల ప్రస్తావన లేదు. వాడుకరి ఎక్కడున్నాడు, వయసెంత, ఫోన్‌కు ఉండే ప్రకటనల గుర్తింపు సంఖ్య ఏది, అతను గ్రైండర్ వాడుతున్నాడన్న సంగతి — ఇవి ప్రకటనల కంపెనీలకు వెళ్లాయన్నది అభియోగం. ఒక మనిషి గ్రైండర్ వాడుతున్నాడని చెప్పడమంటే అతని లైంగికత గురించి చెప్పడమేనని, యూరప్ చట్టం ప్రత్యేక రక్షణ ఇచ్చే సమాచారంలో అదీ చేరుతుందని ఆ సంస్థ తేల్చింది. కంపెనీ కోర్టుకెళ్లినా 2024లో ఓస్లో జిల్లా కోర్టు జరిమానాను ఖాయం చేసింది. గుమ్మం మీది పేరే రహస్యమన్న మాటకు అలా చట్టబద్ధమైన గుర్తింపు దొరికింది.

ఇంతకీ సమాచారం బయటికి ఎలా పోతుంది? దొంగలు ఎత్తుకుపోవడం అరుదు. చాలాసార్లు తలుపు తీసి పంపేది యాప్ తయారుచేసినవాళ్లే, అదీ పెద్దగా ఆలోచించకుండానే. యాప్‌ను ఎవరూ మొదటి అక్షరం నుంచీ సొంతంగా రాయరు. లాగిన్‌కు ఒకటి, లెక్కలకు ఒకటి, ప్రకటనలకు ఒకటి చొప్పున రెడీమేడ్ కోడ్ ముక్కలు తెచ్చి అతికిస్తారు. వీటినే ఎస్‌డీకేలంటారు. చాలావరకు ఉచితం. వాడుకరి ఏ బటన్ నొక్కాడు, ఏ పేజీలో ఆగిపోయాడు, డబ్బు కట్టాడా లేదా అన్న ప్రతి కదలికనూ ఇవి 'ఈవెంట్' అనే పేరుతో తమ కంపెనీ సర్వర్లకు పంపుతాయి. ఆ ఈవెంట్‌కు ఏం పేరు పెట్టాలన్నది యాప్ డెవలపర్ ఇష్టం. పని తేలికవ్వడానికి అర్థమయ్యే పేరే పెడతాడు.

అర్థమయ్యే పేరు పెడితే ఏమవుతుందో మాన్యుమెంట్ అనే అమెరికా కంపెనీ కేసులో చూడొచ్చు. మద్యం మానాలనుకునేవాళ్లకు ఆన్‌లైన్‌లో చికిత్స అందించే సంస్థ ఇది. వివరాలు నూటికి నూరు శాతం గోప్యమని హామీ ఇచ్చింది. కానీ 'పెయిడ్: వీక్లీ థెరపీ', 'పెయిడ్: మెడ్ మేనేజ్‌మెంట్' లాంటి పేర్లున్న ఈవెంట్లను మెటా, గూగుల్ లాంటి ప్రకటనల వేదికలకు పంపిందని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2024లో ఆరోపించింది. ఆ పేర్లు ఒకసారి చదివితే చాలు. తాగుడు మానడానికి ఈ మనిషి వారం వారం కౌన్సెలింగ్‌కు డబ్బు కట్టాడని ఒకటి చెబుతోంది, మందులు కూడా వాడుతున్నాడని రెండోది చెబుతోంది. కేస్ షీటులో ఉండాల్సిన మాటలు ప్రకటనల లెక్కల్లోకి ఎక్కాయి. ఆ పేర్లు పెట్టిన డెవలపర్‌కు అవి మార్కెటింగ్ నంబర్లే తప్ప, రోగుల సమాచారమని తట్టి ఉండదు.

మానసిక చికిత్స యాప్ బెటర్‌హెల్ప్ కేసులో ఇంకో మెలిక ఉంది. వాడుకరుల ఈమెయిల్ చిరునామాలను ఫేస్‌బుక్‌కు పంపేముందు గజిబిజి అక్షరాలుగా మార్చి పంపింది. దీన్ని హ్యాషింగ్ అంటారు, వినడానికి చాలా భద్రంగానే ఉంటుంది. కానీ ఫేస్‌బుక్ తన దగ్గరున్న చిరునామాలనూ అదే లెక్కతో గజిబిజి చేసి రెండు జాబితాలనూ పక్కపక్కన పెడితే ఎవరు ఎవరో ఇట్టే తెలిసిపోతుంది. పోల్చుకోవడం కోసమే ఆ ఏర్పాటు. పెట్టెకు తాళం వేసి, తాళంచెవి కూడా అదే చేతికిచ్చినట్టు. బెటర్‌హెల్ప్‌కు ఎల్‌జీబీటీక్యూ వ్యక్తుల కోసం ప్రైడ్ కౌన్సెలింగ్ అనే వేరే సేవ కూడా ఉండేది. అందులో పేరు నమోదైందంటే థెరపీ సంగతితో పాటు లైంగికత గురించి కూడా ఆచూకీ దొరికినట్టే. 2023లో కంపెనీ 78 లక్షల డాలర్లు చెల్లించడానికి ఒప్పుకుంది. తప్పు చేశామని మాత్రం ఒప్పుకోలేదు.

అన్నిసార్లూ ఇంత సాంకేతికత అక్కర్లేదు. 2015 సెప్టెంబరులో లండన్‌లోని 56 డీన్ స్ట్రీట్ అనే లైంగిక ఆరోగ్య క్లినిక్, హెచ్‌ఐవీ సేవలు పొందుతున్నవాళ్లకు ఈమెయిల్‌లో న్యూస్‌లెటర్ పంపింది. ఒకరి చిరునామా ఒకరికి కనిపించని గడిలో పెట్టాల్సిన 781 చిరునామాలను అందరికీ కనిపించే గడిలో పెట్టారు. చాలా చిరునామాల్లో పూర్తి పేర్లున్నాయి. ఉత్తరంలో ఏముందో ఎవరికీ అక్కర్లేకపోయింది, జాబితానే మొత్తం చెప్పేసింది. ఆ క్లినిక్ నడిపే ట్రస్టుకు మరుసటి ఏడాది 1,80,000 పౌండ్ల జరిమానా పడింది. యాప్‌లు చేసేది కూడా జాబితాలు తయారుచేయడమే. కాకపోతే వాటి జాబితాలు ఎప్పటికప్పుడు పెరుగుతూ, పది చోట్ల పది నకళ్లుగా ఉంటాయి.

'అంగీకరిస్తున్నాను' అనే బటన్ నొక్కారు కదా అన్నది కంపెనీల జవాబు. ఆ బటన్ ఎప్పుడు నొక్కుతారో చూడాలి. హెచ్‌ఐవీ పాజిటివ్ అని ఆ పూటే తెలిసిన మనిషి, లేదా తెల్లవార్లూ నిద్రపట్టక ఎవరితోనైనా మాట్లాడాలని యాప్ తెరిచిన మనిషి, ఇరవై పేజీల షరతులు చదువుతారని ఎవరూ అనుకోరు. చదివినా ఒరిగేదేమీ లేదు. ఒప్పుకోకపోతే యాప్ తెరుచుకోదు. బయట క్లినిక్‌కు వెళ్లే ధైర్యం లేకే కదా ఇక్కడికి వచ్చింది. వేరే దారి ఉన్నవాడి 'సరే'కూ, లేనివాడి 'సరే'కూ చట్టం దృష్టిలో ఒకే విలువ ఉండొచ్చు గానీ, నైతికంగా అవి ఒకటి కావు. సాయం కోసం చాపిన చేతిలో సంతకాల కాగితం పెట్టడం ఏ ఆస్పత్రిలో జరిగినా సిగ్గుపడతాం. ఫోన్‌లో జరిగితే దాన్ని ఆన్‌బోర్డింగ్ (కొత్తవాళ్లను చేర్చుకోవడం) అంటున్నారు.

పర్యవేక్షణ సంగతి ఇంకో ఎత్తు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2017 నవంబరులో అబిలిఫై మైసైట్ అనే మాత్రకు అనుమతి ఇచ్చింది. స్కిజోఫ్రీనియా, బైపోలార్ లాంటి జబ్బులకు వాడే మందులోనే ఇసుక రేణువంత సెన్సర్ పెట్టారు. అది కడుపులోని ద్రవాలు తగలగానే సంకేతం పంపుతుంది. ఛాతీ పక్కన అంటించుకున్న పట్టీ దాన్ని అందుకుని ఫోన్‌లోని యాప్‌కు చేరవేస్తుంది. రోగి అనుమతిస్తే డాక్టర్, కుటుంబసభ్యులు కూడా మాత్ర మింగిన సమయం చూడొచ్చు. తమనెవరో గమనిస్తున్నారన్న భ్రమ ఏ జబ్బులో ప్రధాన లక్షణమో, ఆ జబ్బు మందులోనే గమనించే పరికరం పెట్టడం చూసి మానసిక వైద్యులు కొందరు అప్పుడే నొసలు చిట్లించారు. దీనివల్ల రోగులు మందు క్రమం తప్పకుండా వేసుకుంటారని రుజువు కాలేదని ఆ మందు లేబుల్ మీదే ఉంది. ఎఫ్‌డీఏ అనుమతి ప్రకటనలోనూ అదే మాట రాసింది.

ఇక్కడ 'రోగి అనుమతిస్తే' అన్న మాట దగ్గర ఆగాలి. మందు మానేస్తావేమోనని బెంగపడే ఇంట్లోవాళ్లు అడిగితే వద్దనగలరా? కోర్టు ఆదేశంతో చికిత్స పొందుతున్నవాళ్లు, డీఅడిక్షన్ కేంద్రం నుంచి కండిషన్ల మీద బయటికొచ్చినవాళ్లు వద్దనగలరా? గుర్తుచేయడానికి పుట్టిన యాప్, పుట్టిన మర్నాడే సాక్ష్యం చెప్పే యాప్ కాగలదు. క్షయ విషయంలో ఈ బరువు బాగా కనిపిస్తుంది. ఆరోగ్య కార్యకర్త కళ్లెదుట మాత్ర మింగే పాత పద్ధతికి బదులు వీడియోలో చూపించే పద్ధతిని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017 మార్గదర్శకాల్లో ఆమోదించింది. కార్యకర్త రోజూ గుమ్మంలోకి వస్తే చుట్టుపక్కలవాళ్లకు తెలిసిపోతుంది కాబట్టి, వీడియోనే నయమని చాలామంది రోగులకు అనిపిస్తుంది. ఆ పోలికలో ఫోన్‌దే పైచేయి. అయితే మాత్ర నోట్లో వేసుకుంటున్న ముఖం ఇప్పుడు ఎక్కడో ఒక సర్వర్‌లో, రోజుకొకటి చొప్పున నెలల తరబడి పేరుకుపోతుంది. చికిత్స అయిపోయాక ఆ వీడియోలను ఎన్నాళ్లు ఉంచుతారన్నది మొదటి రోజే చెప్పాల్సిన విషయం.

ఉంచేవాళ్లు కూడా శాశ్వతం కాదు. పైన చెప్పిన సెన్సర్‌ను తయారుచేసిన ప్రోటియస్ డిజిటల్ హెల్త్ 2020లో దివాలా పిటిషన్ వేసింది. మత్తు అలవాట్లకు చికిత్సగా ఎఫ్‌డీఏ అనుమతి పొందిన రీసెట్ యాప్‌ను తెచ్చిన పేర్ థెరప్యూటిక్స్ 2023 ఏప్రిల్‌లో దివాలా తీసి, ఆస్తులను వేలంలో అమ్ముకుంది. వీళ్లు రోగుల సమాచారాన్ని దుర్వినియోగం చేశారని కాదు. ఒక ఆస్పత్రి మూతపడితే రికార్డులు ఏం చేయాలో ఎప్పటినుంచో పద్ధతులున్నాయి. యాప్ కంపెనీ మూతపడితే వాడుకరుల డేటా తరచూ దాని ఆస్తుల చిట్టాలోకే వెళ్తుంది. ఎవరిని నమ్మి మనసు విప్పారో, చివరికి అది ఎవరి చేతికి పోతుందో ఆ మనిషికి ముందుగా తెలిసే వీలే లేదు.

మనసు విప్పి చెప్పింది బయటపడితే ఏమవుతుందో ఫిన్‌లాండ్ చూసింది. వాస్తామో అనే మానసిక చికిత్స సంస్థ నుంచి దాదాపు 33,000 మంది రోగుల రికార్డులు చోరీ అయ్యాయి. 2020 సెప్టెంబరులో దొంగ ముందు సంస్థను బెదిరించాడు, అక్కడ పని జరగకపోయేసరికి అక్టోబరులో నేరుగా రోగులకే మెయిళ్లు పెట్టాడు. 200 యూరోలు బిట్‌కాయిన్‌లో కట్టకపోతే థెరపిస్టుకు చెప్పుకున్నవన్నీ నెట్‌లో పెడతానన్నాడు. సంస్థ మరుసటి ఏడాదే దివాలా తీసింది. 2024లో కోర్టు నిందితుడికి ఆరేళ్ల మూడు నెలల శిక్ష వేసింది. బ్యాంకు ఖాతా దోచినవాడు డబ్బు కోసం ఖాతాలోకి చొరబడాలి. ఇక్కడ ఆ అవసరమే లేదు, సిగ్గే డబ్బు రాలుస్తుంది.

చట్టాలు ఎక్కడున్నాయంటే, చాలావరకు ఆస్పత్రి గేటు దగ్గర ఆగిపోయాయి. అమెరికాలో వైద్య గోప్యతకు మూలమైన హిపా చట్టం డాక్టర్లకు, ఆస్పత్రులకు, బీమా కంపెనీలకు వర్తిస్తుంది. జనం సొంతంగా డౌన్‌లోడ్ చేసుకునే యాప్‌లు చాలావరకు దాని పరిధిలోకి రావు. అదే మాట డాక్టర్‌కు చెబితే రహస్యం, యాప్‌లో రాస్తే కస్టమర్ డేటా. యూరప్ చట్టం ఆరోగ్యం, లైంగికత లాంటి వివరాలను విడిగా ఒక వర్గంలో పెట్టి గట్టి కాపలా వేసింది. భారత్‌లో హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం 2017లో వచ్చింది, అనుమతి లేకుండా హెచ్‌ఐవీ స్థితిని వెల్లడించడాన్ని అది నిషేధిస్తుంది. 2023 నాటి డిజిటల్ డేటా చట్టంలో మాత్రం సున్నితమైన సమాచారానికి ప్రత్యేక వర్గమంటూ లేదు. ఇక ప్రభుత్వమే కొన్ని జీవితాలను నేరంగా చూసే చోట్ల చట్టం రక్షిస్తుందనుకోవడం అమాయకత్వం. స్వలింగ సంబంధాలు నేరమైన దేశాలు ఇప్పటికీ 60కి పైగా ఉన్నాయి. అక్కడ పోలీసు చేతికి ఫోన్ దొరికితే ప్రైవసీ పాలసీ అడ్డురాదు.

పేర్లు తీసేసి డేటా వాడుకుంటామనే వాళ్లున్నారు. 15 లక్షల మంది ఫోన్ల కదలికల మీద 2013లో వచ్చిన ఒక అధ్యయనం, సమయంతో సహా నాలుగు చోట్లు తెలిస్తే 95 శాతం మందిని విడిగా గుర్తించవచ్చని చూపించింది. రాత్రి ఉండే ఇల్లు, పగలు ఉండే ఆఫీసు, మంగళవారం సాయంత్రం వెళ్లే డీఅడిక్షన్ కేంద్రం... పేరు అక్కర్లేదు. సమూహం ఎంత చిన్నదైతే ఈ ముప్పు అంత ఎక్కువ. ఒక చిన్న పట్టణంలో హార్మోన్ చికిత్స తీసుకుంటున్న ముగ్గురిలో ఒకరు అని రాస్తే, పేరు రాసినదానికీ దానికీ పెద్ద తేడా ఏముంది?

ఇవన్నీ తప్పించుకోలేనివేం కాదు. ఫోన్ నంబరు అడగకుండా యాప్ నడపొచ్చు. రాసుకున్నది సర్వర్‌కు పంపకుండా ఫోన్‌లోనే ఉంచొచ్చు. నోటిఫికేషన్‌లో ఏముండాలో వాడుకరినే రాసుకోనివ్వొచ్చు. 'నీళ్లు తాగు' అని రాసుకున్నా మందు గుర్తొస్తుంది కదా. ఐకాన్‌ను కాలిక్యులేటర్‌లాగో నోట్‌బుక్‌లాగో మార్చుకునే వీలు ఇప్పటికే కొన్ని యాప్‌లలో ఉంది. ఒకే ఫోన్‌ను ఇంట్లో ముగ్గురు వాడే చోట ఇలాంటివి అలంకారాలు కావు, యాప్ వాడగలరా లేదా అన్నది వీటి మీదే తేలుతుంది. ఈ సంగతులు ఆఫీసులో కూర్చున్న డిజైనర్‌కు తట్టవు, వాడేవాళ్లకు వెంటనే తడతాయి. 1983లో అమెరికాలోని డెన్వర్‌లో సమావేశమైన ఎయిడ్స్ ఉన్నవాళ్లు తమను బాధితులనొద్దని, తమ గురించి తీసుకునే ప్రతి నిర్ణయంలో తమకు చోటుండాలని, తమ వైద్య రికార్డులు గోప్యంగా ఉండాలని లిఖితపూర్వకంగా కోరారు. అప్పటికి వ్యాధికి కారణమైన వైరస్‌నే ఇంకా నిర్ధారించలేదు. నలభై ఏళ్లు దాటాక కూడా ఎన్నో యాప్‌లలో ఆ సమూహాల పాత్ర, అంతా తయారయ్యాక పిలిచి అభిప్రాయం అడగడం దగ్గరే ఉంది.

అయితే ఎంత దాచాలన్న దాని మీద ఆ సమూహాల్లోనే ఏకాభిప్రాయం లేదు. ఎర్ర రిబ్బన్‌ను కాలిక్యులేటర్ వెనక దాస్తే, అందులో సిగ్గుపడాల్సిందేదో ఉందని మనమే ఒప్పుకున్నట్టు కాదా అని కొందరి వాదన. ఏ వివరమూ సేకరించకపోతే ఈ సమూహాల అవసరాలు లెక్కల్లోకే రావని, లెక్కల్లో లేనివాళ్లకు నిధులూ రావని పరిశోధకులు అంటారు. రెండూ కొట్టిపారేయలేనివే. కాకపోతే బయటపడాలా వద్దా అన్నది తేల్చుకోవాల్సింది ఆ మనిషి. డీఫాల్ట్ సెట్టింగ్ ఆ నిర్ణయం తీసేసుకోకూడదు. దాచిపెట్టే సెట్టింగ్‌తో మొదలుపెట్టి, కావాలనుకున్నవాళ్లు తెరుచుకునేలా చేస్తే ఎవరికీ నష్టం లేదు. ఇప్పుడు చాలాచోట్ల ఉన్నది దీనికి తలకిందులు.

యాప్ వద్దనుకుని తీసేయడం కూడా అనుకున్నంత తేలిక కాదు. ఐకాన్ మీద వేలు నొక్కి పట్టి అన్‌ఇన్‌స్టాల్ చేస్తే తెర మీద నుంచి పోతుంది. సర్వర్‌లోని ఖాతా అలాగే ఉంటుంది, దాన్ని విడిగా డిలీట్ చేయమని అడగాలి. అదీ అయ్యాక యాప్ స్టోర్ తెరిచి, ఆ ఖాతాతో ఎప్పుడో దించుకుని తీసేసిన యాప్‌ల జాబితా చూస్తే, పాత ఆటలకూ ఫొటో ఎడిటర్లకూ మధ్య ఆ పేరు కనిపిస్తుంది.